జలపాతం దగ్గర నీళ్ల చప్పుడు ఎందుకండీ?

కొండ మీది జలపాతానికి స్పీకర్లు మోసుకొచ్చే మహానుభావుల్ని దయచేసి తిట్టకండి! వాళ్లే లేకపోతే ఆ నీళ్ల రొద ఒక్కటే వింటూ కూర్చోవాలి. ఎంతసేపని వింటాం? పల్లవి లేదు, చరణం లేదు. పోనీ అడిగిన పాట పాడుతుందా అంటే అదీ లేదు!

తప్పు ఆ దారిది. మెట్లు, రెయిలింగు, మలుపు మలుపుకీ బెంచీ. చంటిపిల్లను చంకనేసుకుని, ఐస్‌క్రీమ్ చప్పరిస్తూ ఎక్కేయవచ్చు. అంత సులువైన దారిలో మనిషికి మోయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! కొందరి స్పీకర్ సంచిలో పడుతుంది. కొందరిది చక్రాల మీద వస్తుంది, బావమరుదులు వెనక నుంచి తోస్తారు. ఒక్క టికెట్టూ కొనకుండా ఇన్ని పాటలు ఒకేసారి వినే భాగ్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంత వైభవాన్ని కాదనే మనిషి మా ఇంట్లోనే ఉంది. మా అక్క. వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫోన్‌లో ఫిర్యాదులు వినడం ఆవిడ ఉద్యోగం. వారమంతా హెడ్‌సెట్ తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల చేత తిట్లు తింటుంది. ఇంట్లో కుక్కర్ విజిలేసినా ఉలిక్కిపడుతుంది.

"ఒక్క అరగంట మనిషి గొంతు లేని చప్పుడేదైనా వినాలిరా. లేకపోతే సోమవారం ఆ హెడ్‌సెట్ ముట్టుకోలేను. మానేస్తాను" అంది. ఉత్తినే అన్న మాట కాదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆదివారం పొద్దున్నే జలపాతానికి బయల్దేరదీశాను.

పైకి చేరేసరికి నీళ్లు కనబడుతున్నాయి, పాటలు వినబడుతున్నాయి. అంత ఎత్తు నుంచి దూకుతున్న నీళ్లు మూకీ సినిమాలా ఉన్నాయి! అక్క తిన్నగా అందరికన్నా పెద్ద స్పీకర్ ఉన్నాయన దగ్గరికి నడిచింది. సౌండు తగ్గించమని అడగడానికే వెళ్లింది పాపం. నోరు తెరిచేసరికి ఉద్యోగం మాట్లాడింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ."

ఆయన మొహం విప్పారింది. "హమ్మయ్య, అడిగేవాళ్లు ఒకళ్లున్నారు! ఈ బ్యాటరీ పొద్దున్నుంచీ నిలవట్లేదమ్మా. ఎవరికి చెప్పుకోవాలో తెలీక చస్తున్నా!"

ఇక చూసుకోండి! ఈవిడ కొండ తాలూకు ఆఫీసరట అని గుప్పుమంది. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయని ఒకావిడ వచ్చింది. ఫొటో దిగుతుంటే పెళ్లాం జుట్టు తడిసిపోతోంది, తుంపర్లు కాస్త అటువైపు మళ్లించండని ఒక కొత్త పెళ్లికొడుకు వచ్చాడు. ఫొటోలో చూపించినంత ఎత్తు లేదేమని ఒక పెద్దాయన నిలదీశాడు. జలపాతానికి వీపు పెట్టి నిలబడి, అక్క అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. స్పీకర్లే లేకపోతే ఇంతమంది గోడు వినేదెవరు? మీరే చెప్పండి!

ఇంటికి రాగానే అక్క బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. షవరూ, కుళాయిలూ అన్నీ పూర్తిగా విప్పేసింది. ఏడుస్తోందేమోనని భయపడి తలుపుకి చెవి ఆనించాను. నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు.

కాసేపటికి కిందింటాయన రుసరుసలాడుతూ పైకి వచ్చాడు. నన్ను తోసుకుని బాత్రూం తలుపు దాకా వెళ్లి అరిచాడు.

"ఏమిటండీ ఆ చప్పుడు? మా టీవీలో పాటలు వినబడి చావట్లేదు!"

"ఎవరండీ?" అంది అక్క లోపలి నుంచి. ఆ గొంతులో అంత హాయి విని ఎన్నాళ్లయిందో! "నాకేమీ వినబడట్లేదు!"

ఆయన నావైపు తిరిగాడు. నేను వంటింట్లోకి వెళ్లి, అక్కడి కుళాయి కూడా విప్పాను.