బొరుగుల రియాక్టర్

ఆదివారం పొద్దున పది గంటలకు కాలేజీ కరస్పాండెంట్ రెడ్డెప్ప పుంగనూరులో బొరుగుల రియాక్టర్‌ను చూడాలి, మెచ్చుకోవాలి, శివకుమార్‌ను ప్రొఫెసర్‌ని చేసే కాగితం మీద సంతకం పెట్టాలి. పథకం ఇంతే. పదకొండేళ్లుగా మదనపల్లెలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే నానుతున్న శివకుమార్‌కు ఈసారి కూడా సంతకం తప్పిపోతే ఇంట్లో ముఖం చూపించే దారి లేదు.

రియాక్టర్ అంటే పెద్ద వింతేమీ కాదు, నిలువెత్తు ఇనుప డ్రమ్ము. అడుగున చిల్లుల పళ్లెం, దాని కింద నుంచి వేడిగాలి. ఇసుకా బియ్యమూ ఆ గాలిలో కలిసి ఎగురుతూ బొరుగులు కావాలి. నాలుగు నెలల పాటు అతను కంప్యూటర్‌లో రెండు లక్షల గింజలను ఎగరేసి, ఏ గింజ ఎటు పోతుందో లెక్కగట్టాడు. తెర మీద అవి ఎర్రగా, నీలంగా మెరుస్తూ, డ్రమ్ములో సగం ఎత్తు దాటకుండా బుద్ధిగా ఆడాయి. అంచేత మూత అనవసరమని తేలింది. శాస్త్రమే చెప్పాక ఇక మూతెందుకు?

డ్రమ్మును పుంగనూరులో, రెడ్డెప్ప ఇంటికి పక్క వీధిలో ఉన్న బషీరా పెరట్లో దించారు. ఆమె ఇరవై ఏళ్లుగా బొరుగుల బట్టీ నడుపుతోంది. లెక్కంతా ఓపిగ్గా విని ఒక్క మాట అడిగింది.

"బియ్యం బొరుగైతే ఉబ్బి తేలికైపోతాది గదా సార్. ఆ సంగతి మీ కంప్యూటర్‌కి చెప్పిండారా?"

శివకుమార్ ఫస్టియర్ పిల్లల కోసం దాచుకున్న చిరునవ్వు ఒకటి ఆమెకు ప్రసాదించాడు. చెప్పలేదు. అతని లెక్కలో బియ్యం మొదటి నుంచి చివరి దాకా బియ్యమే.

ఎందుకైనా మంచిదని ఎనిమిదింటికే ఒకసారి నడిపి చూద్దామనుకున్నాడు. బ్లోయర్ వేసి, బషీరా దగ్గరున్న బస్తా బియ్యం కొంచెం కొంచెంగా పోయించాడు. చిటపటమంటూ పేలిన గింజలు పేలినట్టే లేచి ప్రహరీ దాటాయి. శివకుమార్ వాటిని చూడలేదు, లాప్‌టాప్ చూస్తున్నాడు. ఇంకొంచెం గాలి కావాలని అందులో ఉంది. పెంచాడు.

"పైకి సూడండి సార్," అంది బషీరా.

"ఒక్క నిమిషమమ్మా. తెర మీద అంతా సరిగ్గానే ఉండాది."

తెర మీద సరిగ్గానే ఉంది. బస్తా బియ్యం మాత్రం బొరుగులై, గాలివాటున పక్క వీధిలో, రెడ్డెప్ప గేటు ముందు నుంచి మలుపు దాకా బారుగా పరుచుకుంది.

మన వైపు వీధి పొడవునా బొరుగులు పడి ఉన్నాయంటే శవయాత్ర వెళ్లిందనే అర్థం. పైగా రెడ్డెప్ప జలుబు చేసి నాలుగు రోజులుగా గడప దాటలేదు. పాలాయన చూసి టీ కొట్టులో చెప్పాడు. టీ కొట్టాయన వాట్సాప్‌లో పెట్టాడు. తొమ్మిదింటికల్లా బజారులో షట్టర్లు దిగాయి, కుప్పంలో బంధువులు బస్సెక్కారు. మదనపల్లె నుంచి ప్రిన్సిపాల్ భీమరావు మాత్రం, ముందే కట్టించి పెట్టుకున్నాడా అన్నట్టు, నిలువెత్తు దండతో అందరికంటే ముందు కారు దిగాడు.

సంగతి తెలియగానే శివకుమార్ రెడ్డెప్ప ఇంటికి పరుగెత్తాడు. ప్రొఫెసర్ పదవి దేవుడెరుగు, బతికున్న యజమానికి బొరుగులు చల్లినవాణ్ని కొలువులో ఎవరు ఉంచుకుంటారు? రొప్పుతూ అక్కడికి చేరేసరికి భీమరావు, పలమనేరు నుంచి అప్పుడే వచ్చిన రెడ్డెప్ప బావమరిదిని గేటు దగ్గరే పట్టుకుని ఓదారుస్తున్నాడు.

"పోయినాయన మంచోడే గానీ కాలేజీని నాశనం చేసినాడప్పా. ఇంక ఆ కుర్చీలో నువ్వు కూర్సో. నేనుండాను గదా."

కిటికీ పక్కన తల మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పడుతున్న రెడ్డెప్ప, ఆ దుప్పటితోనే బయటికి వచ్చాడు. భీమరావు చేతిలోని దండ జారి బొరుగుల మీద పడింది.

ఇక దాచి లాభం లేదని శివకుమార్ అంతా ఒప్పేసుకున్నాడు. మూత సంగతీ చెప్పాడు, గాలి పెంచిన సంగతీ చెప్పాడు. రెడ్డెప్ప ముక్కు తుడుచుకుంటూ విన్నాడు.

"నీ మిషన్ బాగుండాదప్పా," అన్నాడు చివరికి. "మనుసుల్ని ఒక్క పూటలో జల్లెడ పట్టి సూపించింది."

సాయంత్రానికి భీమరావు రాజీనామా చేశాడు. శివకుమార్ ప్రొఫెసర్ కాబోయి ఏకంగా ప్రిన్సిపాల్ అయ్యాడు. బస్తా బియ్యం పోగొట్టుకున్న బషీరాకు కాలేజీ తరఫున ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆమె దాన్ని బట్టీ గోడకు తగిలించి, మళ్లీ బాణలి ముందు కూర్చుంది. ప్రయోగం సంపూర్ణంగా సఫలమైందని ఆ ఏడాదే పరిశోధనాపత్రం అచ్చయింది.

అందులో బియ్యం ఇప్పటికీ బియ్యమే.