ఎల్లారెడ్డికి ఫస్టు ర్యాంకు

"గొప్ప యూనివర్సిటీలన్నీ అమెరికా, యూరప్‌లలోనే ఉండటం మన ఎల్లారెడ్డి పట్టణ ఆత్మగౌరవానికి దెబ్బ. నెలలో లెక్క సరిచేస్తాం" అని మండల పార్టీ అధ్యక్షులు, వివేకధార డిగ్రీ కాలేజీ చైర్మన్ మార్కండేయ గారు ప్రకటించారు. చప్పట్లు అందరికన్నా గట్టిగా కొట్టినవాడు ఇంగ్లీషు గెస్ట్ లెక్చరర్ రాజేశం. పాపం, ఏడేళ్లుగా ఏటేటా రెన్యువల్ మీదే బతుకుతున్నాడు. ఈసారి కాగితం ఇంకా రాలేదు.

"ప్రపంచ ర్యాంకుల చార్టు నువ్వే తయారుజెయ్. నీ రెన్యువల్ నా జిమ్మేదారి" అన్నారు చైర్మన్ గారు.

రాజేశం ఖండాలవారీగా గీతలు గీశాడు. "ముందు సైటేషన్లు చూస్తరు సార్."

"గవి మనకు తక్కువనా? ఏందయ్యా నువ్వు!" అంటూ ఆయన బీరువా తెరిచారు. సన్మానాల్లో శాలువాతోపాటు అందుకున్న సైటేషన్లు, అద్దాలు కట్టించినవే మూడు వందల పన్నెండు! అమెరికాలో ఏ ప్రొఫెసరుకు ఇన్ని శాలువాలు కప్పారు చెప్పండి?

"గవి గాదు సార్, మన పరిశోధన పత్రాలను వేరేటోళ్లు తమ పత్రాలల్ల ఎన్నిసార్లు ఉదహరించిండ్రో..." రెన్యువల్ గుర్తొచ్చి రాజేశం మిగతాది మింగేశాడు.

"ఇంకేం జూస్తరు?"

"విదేశీ విద్యార్థులు సార్."

మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు దగ్గరి బిచ్కుంద నుంచి వచ్చి చదువుకునే చరణ్‌ను పిలిపించారు. "ఇంట్ల ఏం మాట్లాడుతరు బిడ్డా?"

"మరాఠీ సార్. మా అవ్వయితే కన్నడ."

"రెండు దేశాలు రాసుకో రాజేశం."

ఆసియాలో పోటీ ఎక్కువ. కనుక చైర్మన్ గారు ఎంతో ముందుచూపుతో ఎల్లారెడ్డిని ప్రత్యేక రీజియన్ చేసి, దాని హద్దును కాలేజీ ప్రహరీ దగ్గర పెట్టారు. ఫస్టు ర్యాంకు రానే వచ్చింది. బస్టాండు నిండా ఫ్లెక్సీలు.

వారానికి, కాలేజీని నడిపే సొసైటీ పై ఆఫీసు నుంచి ఉత్తరం దిగింది. గెస్ట్ పోస్టులు వెనుకబడిన కాలేజీలకేనట. అదే సొసైటీ వారి కామారెడ్డి కాలేజీ తనది ఆఖరి ర్యాంకని ముందే రాసుకుంది. రాజేశం పోస్టు అక్కడికి పోయింది.

అతను చైర్మన్ గారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఫస్టు వచ్చినంక ఇంక పాఠాలెందుకయ్యా? కామారెడ్డికి పో, నేను ఫోన్ జేస్త."

కామారెడ్డిలో ప్రిన్సిపాల్ నవత మేడం దరఖాస్తు చదివారు. "ఏడేండ్లు ఫస్టు ర్యాంకు కాలేజీల చేసిండ్రా సార్?"

"చేసిన మేడం" అన్నాడు రాజేశం ఆశగా.

ఆమె దరఖాస్తును మెల్లగా వెనక్కి తోశారు. "మిమ్ములను తీసుకుంటే మా ర్యాంకు పెరుగుతది సార్. గీ పోస్టు గూడ పోతది."