దయచేసి బోర్డు వైపే చూడండి!

ఒపేరాకి వెళ్ళొచ్చిన వాళ్ళంతా మెడ పట్టేసిందని ఒకటే గోల. పట్టనివ్వండి! మెడ నొప్పి పుట్టించని ఒపేరా ఒపేరాయే కాదని నా నిశ్చితాభిప్రాయం.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఒపేరా అంటే మనకెవరికీ రాని భాషలో మూడు గంటలు పాడి, ఆఖర్న చచ్చిపోయే నాటకం. పాడేదేమిటో జనానికి తెలియాలి కదా! అందుకని స్టేజీ పైన, కప్పుకి దగ్గరగా ఓ బోర్డు పెట్టి, ఒక్కో పాదానికీ మన భాషలో అర్థం చూపిస్తారు. కథ కింద, కళ్ళు పైన. ఈ బోర్డు పీకెయ్యాలంటూ కొందరు పత్రికలకి ఉత్తరాలు కూడా రాస్తున్నారు. ఎంత కృతఘ్నత!

దానివల్ల లాభాలు ఎన్ననుకున్నారు? సేనాధిపతి గడ్డం ఊడి చేతికొచ్చినా ఎవరూ చూడరు. కత్తి అట్టముక్కతో చేసిందని ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రియుడు ప్రియురాలిని పదకొండు నిమిషాలు వాటేసుకుని పాడుతున్నా సభ యావత్తూ మర్యాదగా కప్పు వైపే చూస్తూ ఉంటుంది. ఇంతకన్నా సంస్కారం ఏం కావాలండీ?

నీకెందుకయ్యా ఇంత పట్టింపు అంటారా? ఆ బోర్డు మీది వాక్యాలు రాసిందీ, హాలు వెనక అద్దాల గదిలో కూర్చుని బటన్ నొక్కి మార్చేదీ నేనే. ఇక ఆ ప్రియురాలంటారా, మా ఆవిడ.

పదహారేళ్ళు గుంపులో పాడిన మనిషికి ఇది మొట్టమొదటి పెద్ద వేషం. ముసలి సేనాధిపతి భార్య, శత్రుసేనలో ఉన్న కుర్రాణ్ణి ప్రేమిస్తుంది. మొగుడు పసిగట్టి, కుళ్ళి కుళ్ళి, చివరికి పొడిచేస్తాడు. నెల రోజులు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ప్రతి మాటకీ ఆవిడకి అర్థం చెబుతూ రాసుకుపోయాను. ‘నువ్వు కనపడిన రోజే నేను బతికిన రోజు’ అని ఒకచోట రాశాను. భలే రాశానురా అనుకున్నాను కూడా. రిహార్సల్లో ఓ ఆరడుగుల మనిషి మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ మాటే పాడేదాకా!

అసూయా? నాకా? ఛఛ! అనువాదకుడికి కాస్త స్వేచ్ఛ ఉంటుంది, అంతే. మొదటి ప్రదర్శనలో ఆ చోట ‘కులాసాగా ఉన్నారా?’ అని పెట్టాను. అతను మోకాళ్ళ మీద కూలబడి గుండెలు బాదుకుంటుంటే ‘ఈ మధ్య ఎండలు మండిపోతున్నాయి’ అని పెట్టాను. ముద్దు దగ్గర బోర్డు ఖాళీ.

సేనాధిపతికి మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. ‘పొద్దున్నే లేచి పాలు కాచేది ఎవరు? కుళాయి బాగుచేయించేది ఎవరు?’ అని పాపం ఆయన పాడని పాట కూడా పాడించాను. వెనక వరసల్లో మగవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు.

స్టేజీ మీద వాళ్ళకి బోర్డు కనపడదు. కాబట్టి రెండు ప్రదర్శనలు హాయిగా గడిచిపోయాయి. మూడోదానికి మా అత్తగారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, కూతురి ముందే అడిగేశారు.

“అదేంటి అల్లుడుగారూ! కులాసా అడగడానికి ఆ అబ్బాయి మా పిల్లని అంతసేపు పట్టుకోవాలా?”

మా ఆవిడ కప్పు కింద పెట్టింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. తిడుతుందని, ఈ పరువు తక్కువ పనికి మళ్ళీ నా మొహం చూడదని భయపడ్డాను. ఆవిడ గొంతైనా పెంచలేదు. వాళ్ళమ్మ లోపలికి వెళ్ళేదాకా ఆగింది.

“ఆ చోట అసలు మాటేంటి?”

“నీకు తెలుసుగా” అన్నాను.

“తెలుసు. చెప్పింది నువ్వేగా, పుస్తకంలో తల దూర్చి. ఒక్కసారి నా మొహం చూసి చెప్పు.”

పాఠకమహాశయులారా, పదకొండేళ్ళుగా ఈ పత్రికలో ఈ శీర్షిక నింపుతున్నవాణ్ణి. ఏ విషయం ఇచ్చినా గంటసేపు దంచగలను. నోరు తెరిచాను.

“కాఫీ చల్లారిపోతోంది” అన్నాను.

ఆవిడ నా కప్పు నా వైపు జరిపింది. కోపం లేదు. అందుకే భయమేసింది నాకు.

“సరేలే. ఇవాళ బోర్డు మీద మాత్రం ఉన్నదున్నట్టు పెట్టు. నాకెలాగూ కనపడదు. నీ మనసులో ఏముందో ఆరొందల మందికైనా తెలుస్తుంది.”

పెట్టాను. ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాను. ఆరు వందల మందీ తలలెత్తి నా వాక్యం చదివారు. కొందరు కళ్ళొత్తుకున్నారు. బోర్డు మహిమ చూశారా!

ఆ మాట దగ్గర నేను మొదటిసారి బోర్డు మీంచి చూపు దించి స్టేజీ మీదికి చూశాను. ఆవిడ అతని కళ్ళలోకి చూస్తూ ఉంది.