సామరస్య బొరియలో గుంట

తెల్లవారింది. ముసురు వదల్లేదు. చైనా కొండల నడుమ, ఎటు చూసినా వెదురే కనబడే ఒక పెద్ద అడవిలో, ముళ్ళపందమ్మ తడుస్తూ కాలేజీ హాస్టలుకు వచ్చింది.

కూతురు నింగ్‌కీ, అదే బొరియలో ఉండే కుందేలు పిల్ల తావ్‌కీ నెల్లాళ్ళుగా మాటల్లేవని కబురందింది. సంగతి చిన్నదే. నింగ్ వేర్ల కోసం తవ్వీ తవ్వీ తావ్ పడక కింద గుంట పెట్టింది. ఆ గుంట సొరంగంలా వాగు గట్టు దాకా పాకింది.

"పూడిస్తే పోదా?" అంది ముళ్ళపందమ్మ.

పిల్లల తగాదాలు తీర్చే కొంగ మాస్టారు ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా, గుంట అనకండి. తవ్వినవాళ్ళ పరువు పోతుంది. పడ్డవాళ్ళ పరువూ పోతుంది. మా దగ్గర మూడే సిట్టింగులు. గొడవ మాయం."

"మరి గుంట?"

"మళ్ళీ అదే మాట!"

మొదటి సిట్టింగులో గొడవ పేరెత్తకూడదని నేర్పాడు. రెండోదాంట్లో నవ్వడం నేర్పాడు. మూడోదాంట్లో, ఏం జరిగినా "నాదే తప్పు" అనాలన్నాడు, గుమ్మం దగ్గర "ముందు మీరు" అని తప్పుకోవాలన్నాడు. ఆపైన 'సామరస్య బొరియ' అని ఎర్రగుడ్డ కట్టించాడు. పక్కన పల్లంలో ఉండే వెదురు ఎలుక అక్కచెల్లెళ్ళ బొరియకు అది ఇదివరకే కట్టారు.

ప్రిన్సిపాల్ పాండా వెదురు నమలడం ఆపకుండానే మెచ్చుకున్నాడు. "పులిదొరగారు తనిఖీకొస్తున్నారు. ఆ పూట ఎవరి గొంతూ లేవకూడదు."

ముళ్ళపందమ్మకు ఇంటికి వెళ్ళ బుద్ధి కాలేదు. హాస్టలు పక్కనే ఉండిపోయింది.

తనిఖీ నాటి మధ్యాహ్నం వాగు పొంగింది. గుంటలోంచి నీళ్ళు బొరియలోకి వచ్చాయి.

తావ్ చూసింది. చెబితే నింగ్‌ని తప్పుపట్టినట్టే. "చల్లగా, హాయిగా ఉంది కదూ?" అంది.

నింగ్ కాళ్ళు మునిగాయి. "నాదే తప్పు," అంది నవ్వుతూ.

"అయ్యో, నాదే."

నీళ్ళు నడుం దాకా వచ్చాయి. గుమ్మం ఒక్కటే, ఒక్కరే పట్టేంత.

"ముందు మీరు."

"ఎంతమాట! ముందు మీరు."

బయట పులిదొర మీసం దువ్వాడు. "ఆహా, మర్యాదంటే ఇదీ!"

కొంగ మాస్టారికి నీళ్ళు కనబడ్డాయి. దొర ముందు నీళ్ళని ఎలా అనడం? కాలు మార్చుకుని నిలబడ్డాడు.

ముళ్ళపందమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగింది. నలుగురిలో అరిస్తే కూతురి పరువేం కాను? అంతలో కూతురి ముక్కు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఒసేయ్ నింగ్! ఆ గుంట తవ్వింది నువ్వే కదే! సిగ్గులేనిదానా, బయటికి తగలడు! తావ్, దాన్ని తన్నవే!"

పాండా నోట్లోంచి వెదురు జారింది.

తావ్ నెల్లాళ్ళుగా మింగినదంతా ఒక్కసారి కక్కింది. "నా పడక కింద తవ్వింది ఇదే పిన్నీ! దొంగమొహం! జరగవే!" అంటూ వెనక కాళ్ళతో ఈడ్చి తన్నింది. నింగ్ బయటపడింది.

"నన్నే తంతావుటే, చేటచెవులదానా!" నింగ్ వెనక్కి తిరిగి, ఆ చెవే పళ్ళతో పట్టి తావ్‌ను బయటికి లాగింది.

ఇద్దరూ బురదలో దొర్లుతూ తిట్టుకున్నారు. ముళ్ళపందమ్మ కళ్ళొత్తుకుంది. అంత కమ్మని తిట్లు ఆమె ఏనాడూ వినలేదు.

"ఈ కేసు చెడింది దొరా," కొంగ మాస్టారు నొచ్చుకున్నాడు. "ఆ పక్క బొరియ చూడండి. చీమ చిటుక్కుమంటే ఒట్టు."

పులిదొర దానికి బంగారు గుడ్డ కట్టమన్నాడు.

ముళ్ళపందమ్మ అప్పటికే అటు పరిగెత్తింది. గుమ్మం దాకా నిండిన నీళ్ళలో చెయ్యి పెట్టి, దొరికిన తోకను పట్టి లాగింది.

చీకటి పడేలోగా పిల్లల్ని తన ఇంటికి తెచ్చుకుని, ఒక్కొక్కర్నీ తడిమి చూసుకుంది. నింగ్ వచ్చింది. తావ్ వచ్చింది, చెవి చిరిగి. ఎలుకల్లో చెల్లెలు వచ్చింది. అక్క రాలేదు.

చప్పుడు లేని ఇంటికి బహుమతి వస్తుంది, చప్పుడైన ఇంటికి పిల్లలొస్తారు.