ఎత్తి పోసుకున్న గ్రీన్ టీ

ఆ శనివారం పొద్దున సుబ్బరాజు వేసుకున్న ప్లాను చాలా సాదాసీదాది. ఎనిమిదింటికి ఇంగ్లండులో తనుండే నార్తాంప్టన్‌లో కారెక్కాలి. పదింటికల్లా కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో దిగాలి. అక్కడ జపాన్ పద్ధతిలో చేసిన కుండలు చూసి బావున్నాయనాలి, ఇచ్చిన గ్రీన్ టీ తాగి బావుందనాలి, చీకటి పడకముందే ఇంటికొచ్చి పడాలి. సోమవారం పొద్దున డిపార్ట్‌మెంట్ హెడ్ కుర్చీలో కూర్చోవాలి. ఈ మొత్తంలో ఆ చివరి పని తప్ప మరేదీ అతనికి ఇష్టం లేదు.

ప్రస్తుతం ఆ కుర్చీలో హెలెన్ ఉంది. ఆవిడ డైరెక్టరై పై అంతస్తుకి వెళ్తోంది. ఖాళీ అయ్యే కుర్చీకి ఇద్దరు పోటీ. ఒకరు పదకొండేళ్లుగా ఆ ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీని అంటిపెట్టుకుని ఉన్న సుబ్బరాజు. రెండోవాడు మార్టిన్. నాలుగేళ్ల కిందట వచ్చాడు, ఏ సంగతి ఎత్తినా దాని మీద ఒక పుస్తకం చదివానంటాడు. ఇదివరకు రెండుసార్లు ఇలాగే కుర్చీ ఖాళీ అయితే, రెండుసార్లూ సుబ్బరాజు ఎవరికో చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాడు. మూడోసారి చప్పట్లు కొట్టే ఓపిక అతని చేతులకి లేదు.

అసలీ కుండల గొడవంతా ఒక గాజు సీసా వల్ల వచ్చింది. మూడేళ్ల కిందట క్లినిక్‌లో డాక్టరు షుగరుందని చెప్పగానే, సుబ్బరాజు భార్య శివపార్వతి రంగంలోకి దిగింది. కరివేపాకూ మెంతికూరా మరగబెట్టి, వడగట్టి, ఆ పచ్చటి కషాయాన్ని సీసాలో పోసి రోజూ ఆఫీసుకి పంపేది. సుబ్బరాజు పదకొండింటికి ఆ చేదు భరించలేక కళ్లు మూసుకుని తాగేవాడు. అప్పుడే కొత్తగా చేరిన హెలెన్ ఒకరోజు అతని డెస్కు దగ్గర ఆగింది.

"గ్రీన్ టీయా?" అని అడిగింది.

కొత్త బాసుకి కరివేపాకు నుంచి మొదలుపెట్టి షుగరు దాకా అంతా వివరించాలంటే బద్ధకమేసింది. "అవును" అన్నాడు.

"రోజూనా?"

"రోజూ."

కళ్లు మూసుకున్నది చేదు వల్లేనని ఆవిడకి తెలియదు. ధ్యానమనుకుంది. ఆ పుట్టినరోజుకి అతనికి గ్రీన్ టీ డబ్బా ఒకటి కానుకగా వచ్చింది, పక్కింటివాళ్లకి వెళ్లింది. నెల తిరక్కుండా హెలెన్ తనూ గ్రీన్ టీ మొదలుపెట్టింది. తర్వాత దానికి తగ్గ గిన్నెలు చేయడం నేర్చుకుంటానని కుండల క్లాసులో చేరింది. ఆఫీసు కిచెన్‌లో పాలు మానిపించింది, సుబ్బరాజు కాఫీ కూడా దాంతోపాటే పోయింది. ఇప్పుడు తన గురువుగారి కుండల బట్టీ చూపిస్తాను రమ్మని అందర్నీ పిలిచింది. "నువ్వు లేకపోతే ఎలా సుబ్బా? మీ ఆవిణ్ణి కూడా తీసుకురా" అంది.

కారు మోటర్‌వే ఎక్కగానే శివపార్వతి ఒళ్లోని జంతికల డబ్బా సర్దుకుంది.

"ఏవండీ, ఆ టీ మీకు పడకపోతే?"

"మూడేళ్లుగా నీ కషాయం పడుతోంది. ఇంక నాకు పడనిదేముంటుంది?"

"ఆ కషాయం వల్లే షుగరు అదుపులో ఉందండోయ్. ఇదిగో, మా చెల్లి కిరణ్మయి ఫ్యామిలీ గ్రూపులో కేకు బొమ్మ పెట్టింది. ఇరవైమంది కంగ్రాట్స్ చెప్పారు."

"దేనికి?"

"సోమవారం నుంచి మీరు హెడ్డు కదా. నేనే చెప్పాను."

"ఇంకా ఇవ్వలేదే బాబూ!"

"రెండ్రోజులే కదండీ" అంది శివపార్వతి తాపీగా. సుబ్బరాజు లెక్క వేసుకున్నాడు. కుర్చీ రాకపోతే ఇప్పుడు ఆఫీసులో చప్పట్లు కొడితే చాలదు, భీమవరంలో ఇరవైమందికి సంజాయిషీ కూడా చెప్పుకోవాలి.

చివరి రెండు మైళ్లూ ఒక్క కారు పట్టే సందు. గొర్రెలకి దారిచ్చి, ట్రాక్టరుకి దారిచ్చి, మళ్లీ అవే గొర్రెలకి దారిచ్చి వెళ్లేసరికి అందరూ వచ్చేసి ఉన్నారు. హెలెన్, తెల్లటి నార చొక్కాలో మార్టిన్, హెచ్.ఆర్. నుంచి ఇద్దరు ఆడవాళ్లు. గురువుగారి పేరు గ్రాహమ్. బొడ్డు దాకా గడ్డం, మట్టికొట్టుకున్న ఏప్రన్. జపాన్‌లో పదేళ్లుండి వచ్చాడు. అక్కడ మాటలు తక్కువ వాడటం బాగా అలవాటైనట్టుంది, అందర్నీ తల ఒక్కసారి ఆడించే పలకరించాడు.

షెల్ఫుల నిండా గిన్నెలు. శివపార్వతి ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అన్నీ వంకరేనండీ. చెడిపోయినవి అమ్ముతున్నాడా?"

"ఊరుకో. అలాగే ఉండాలట."

"ఇదైతే పగిలింది కూడానూ. బంగారం పెట్టి అతికించాడు. ఇంత ఖర్చు పెట్టేబదులు కొత్తది చేసుకోవచ్చుగా, కుమ్మరే కదా?"

ఆ మాటల్లోని న్యాయం సుబ్బరాజుకి నచ్చింది గానీ, మొహంలో భక్తి తగ్గకుండా జాగ్రత్తపడ్డాడు. ఈలోగా హెలెన్ అతని భుజం మీద చెయ్యివేసి గ్రాహమ్‌కి పరిచయం చేసింది. "నేను చెప్పాను చూడండి, సుబ్బా. ఎన్నో ఏళ్లుగా రోజూ తాగుతాడు. అదీ కళ్లు మూసుకుని."

గ్రాహమ్ మొదటిసారి నవ్వాడు. "అయితే ఈరోజు ముఖ్య అతిథి ఈయనే" అన్నాడు.

ముఖ్య అతిథి అనగానే సుబ్బరాజుకి తెలుగు సంఘం ఉగాది గుర్తొచ్చింది. ఆలస్యంగా రావడం, శాలువా కప్పించుకోవడం, ముందుగా వెళ్లిపోవడం. అదెంతసేపు అనుకుని ఒప్పేసుకున్నాడు. అప్పుడు మార్టిన్ మిగతావాళ్లని పక్కకి పిలిచి గుసగుసగా పాఠం చెప్పాడు.

"లోపల మనం మాట్లాడకూడదు. ముఖ్య అతిథే ముందు తాగుతాడు. అతను ఎలా చేస్తే మనమూ అచ్చం అలాగే చేయాలి. ఎందుకని అడక్కూడదు. నేను దీని మీద ఒక పుస్తకం చదివాను."

టీ గది ఒకప్పటి గొర్రెల కొట్టం. గుమ్మం నడుమెత్తు కూడా లేదు, పాక్కుంటూ దూరాలి. ముఖ్య అతిథి పొట్ట మధ్యలో ఇరుక్కుంటే వెనకనుంచి శివపార్వతి ఒక్క తోపు తోసింది. లోపల జపాన్ నుంచి తెప్పించిన లేత చాపలు. వరసగా మోకాళ్ల మీద కూర్చున్నారు. మొదట సుబ్బరాజు, పక్కన హెలెన్, తర్వాత మార్టిన్, హెచ్.ఆర్. వాళ్లిద్దరు, చివర్న శివపార్వతి. రెండు నిమిషాలకే సుబ్బరాజు కాళ్లకి తిమ్మిరెక్కింది. ఐదు నిమిషాలకి కాళ్లున్నాయన్న సంగతే తెలియడం మానేసింది.

గ్రాహమ్ ఒక పెద్ద గిన్నెలో పచ్చటి పొడి వేసి, వేణ్ణీళ్లు పోసి, వెదురు పుల్లల కుంచెతో మెదిపాడు. అది టీలా లేదు. పెళ్లింట్లో రుబ్బిన గోరింటాకులా ఉంది. గిన్నె తెచ్చి సుబ్బరాజు ముందు పెట్టి వంగి దండం పెట్టాడు.

"మిగతావాళ్ల గిన్నెలు?" అడిగాడు సుబ్బరాజు మెల్లగా.

"ఒకటే గిన్నె. మీరు తాగి పక్కవారికి ఇవ్వండి. అందరం ఒకటే అని అర్థం."

అందరూ ఒక్క గిన్నెలోనా? ఎంగిలి కదా! చిన్నప్పుడు నాయనమ్మ మంచినీళ్ల చెంబుకి పెదవి తగిలిందని అతన్ని పెరటిదాకా తరిమింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఏ చెంబూ, ఏ సీసా నోటికి కరిపించుకుని ఎరగడు. కషాయమైనా సరే ఎత్తి పోసుకోవాల్సిందే. ఇప్పుడు ఈ గిన్నె తను మూతి పెట్టి తాగితే, తన ఎంగిలి తాగాల్సిన మొట్టమొదటి మనిషి ఎవరు? హెలెన్! కుర్చీ ఇవ్వాల్సిన మనిషికి ఎంగిలి పెట్టడమా? వరస చివరికి చూశాడు. శివపార్వతి కళ్లతోనే పైకి సైగ చేసింది. ఎత్తి పోసుకోండి అని.

సుబ్బరాజు తల వెనక్కి వాల్చాడు. గిన్నెని రెండు చేతులా జానెడు పైకెత్తి వంచాడు. ఏమీ పడలేదు. ఇంకాస్త వంచాడు. గోరింటాకు కదల్లేదు. ఏమైందా అని గిన్నెని ఒక్క కుదుపు కుదిపాడు. అప్పుడు ఒక ముద్ద ఊడి వచ్చింది. దాంట్లో సగం నోట్లో పడింది, తక్కిన సగం ముక్కు మీదా, గడ్డం మీదా, చొక్కా లోపలా పడింది. రుచి మాత్రం కషాయానికి ఏమాత్రం తీసిపోలేదు. అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాడు.

గ్రాహమ్ నోరు తెరిచాడు, మూశాడు. ముఖ్య అతిథిని నలుగురిలో సరిదిద్దకూడదన్నది పదేళ్లు నేర్చుకున్న మర్యాద. సుబ్బరాజు మిగిలిన గిన్నె హెలెన్‌కి అందించాడు. ఆవిడ అతని మూసిన కళ్లనీ, ఆకుపచ్చ మొహాన్నీ చూసింది. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని తల వెనక్కి వాల్చింది. కుర్చీ ఇచ్చే మనిషి కంటిమీదుగా చెవిదాకా ఒక పచ్చ గీత పడింది.

మార్టిన్ వెనకబడే రకం కాదు. అచ్చం అలాగే అన్నది సరిపోదనుకున్నాడో ఏమో, గిన్నెని మూరెడు పైకెత్తాడు. తెల్ల నార చొక్కా తెల్లగా ఉన్నది అదే ఆఖరు. హెచ్.ఆర్. ఆడవాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు ఆ పని కానిచ్చారు. ఒకావిడ కళ్లద్దాలకి పట్టింది. లేత చాప మీద చుక్కలు పడుతుంటే గ్రాహమ్ ఒక్కో చుక్కనీ కళ్లతో లెక్కపెట్టాడు. తన కుర్చీ ముక్కలు ముక్కలుగా ఆ చాప మీదే రాలుతున్నట్టు సుబ్బరాజుకి తెలుస్తూనే ఉంది.

గిన్నె శివపార్వతికి చేరింది. ఆవిడ వరసంతా ఒకసారి పరికించి, "అయ్యో, ఇదేం పోసుకోవడమండీ, చంటిపిల్లల్లాగా" అని పైకే అనేసింది. తర్వాత గిన్నె ఎత్తింది. వంచి ఆగింది. తొందరపడలేదు, కుదపలేదు. చిక్కటి పిండి జారడానికి ఎంతసేపు పడుతుందో ముప్ఫై ఏళ్ల వంటింటి చేతికి తెలుసు. సన్నటి పచ్చ దారం ఒకటి గిన్నె అంచు నుంచి దిగి తిన్నగా నోట్లోకి వెళ్లింది. ఒక్క బొట్టు చెదరలేదు. ఖాళీ గిన్నె చాప మీద పెట్టి పమిటతో మూతి తుడుచుకుంది, తుడవడానికి ఏమీ లేకపోయినా.

గ్రాహమ్ నుదురు చాపకి ఆనేలా వంగిపోయాడు. లేచేసరికి కళ్లలో నీళ్లున్నాయి. పాడైన చాప గురించో, శివపార్వతి చేతివాటం గురించో చెప్పడం కష్టం.

"ఏ ఊరి పద్ధతి ఇది?"

"భీమవరం" అంది శివపార్వతి. మార్టిన్ పచ్చటి వేళ్లతో నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. తర్వాత జంతికల డబ్బా తిరిగింది. మాట్లాడకూడదన్న నియమం ఆ కరకరల్లో కొట్టుకుపోయింది.

బట్టీ పక్కన పంపు దగ్గర సుబ్బరాజు మొహం కడుక్కుంటుంటే వెనకే హెలెన్ వచ్చింది. పదకొండేళ్ల పనీ ఒక్క గిన్నెతో పోయిందని అతనికి ఏడుపొచ్చినంత పనైంది. పోయేదెలాగూ పోయింది, కనీసం నిజం చెప్పేద్దామనుకున్నాడు.

"హెలెన్, నేనిది తాగడం ఇదే మొదటిసారి. ఆ సీసాలోది గ్రీన్ టీ కాదు. కరివేపాకు కషాయం. షుగరుకి. కళ్లు మూసుకునేది చేదుకి. గిన్నె ఎత్తి పోసుకున్నది నా ఎంగిలి మీకు పెట్టకూడదని. పద్ధతీ లేదు, పాడూ లేదు."

హెలెన్ బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"మూడేళ్లు!" అంది. "పాలూ, రెండు చెంచాల పంచదారా లేని టీ నాకు గొంతు దిగదు సుబ్బా. చేరిన మొదటి వారం నువ్వంత ప్రశాంతంగా తాగుతుంటే నీ ముందు పాల టీ తాగడానికి సిగ్గేసింది. అందుకని మొదలుపెట్టాను. రోజూ అది తాగి, బాత్రూమ్‌లో బిస్కెట్టు తింటాను. నేను చేసిన గిన్నెలతో గ్యారేజీ నిండిపోయి మా ఆయన కారు బయట పెడుతున్నాడు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ చెవి మీది పచ్చ గీత ఇంకా పోలేదు. ముందు నవ్వింది ఆవిడే. బట్టీ అవతలున్న గొర్రెలు తలెత్తి చూసేంతగా నవ్వారు.

"అయితే ఇంక ఆఫీసులో పాలు పెట్టించొచ్చు కదా?" అన్నాడు సుబ్బరాజు ఆశగా.

హెలెన్ నవ్వు ఆపేసింది. "ఎలా కుదురుతుంది? బోర్డు మొత్తానికీ నీ గురించి చెప్పాను. క్లయింట్లకి కానుకలని గ్రాహమ్‌కి నాలుగు వందల గిన్నెలు ఆర్డరిచ్చారు. ఇప్పుడు కరివేపాకంటే నీ పరువూ నా పరువూ రెండూ పోతాయి. కుర్చీ సంగతంటావా, అది పోయిన వారమే నీ పేరున ఖాయమైంది. పనిలో నీ సాటి ఎవరూ లేరు, ఈ ట్రిప్పుకీ దానికీ సంబంధమే లేదు. కాకపోతే హెడ్డుగా రోజూ పదకొండింటికి అందరి ముందూ తాగాల్సింది నువ్వే. ఈసారి అసలైన గ్రీన్ టీ."

తిరుగు దారిలో అవే గొర్రెలు అడ్డొచ్చాయి. సంగతంతా విన్న శివపార్వతి ఫోన్ తీసింది.

"నేను ముందే చెప్పానా లేదా? మరి హెడ్డయ్యుండి ఆ మొహమేంటండీ?"

సుబ్బరాజు మళ్లీ గొర్రెలకి దారిచ్చాడు. సోమవారం కొత్త కుర్చీలో కూర్చున్నాడు. పదకొండింటికి డిపార్ట్‌మెంటంతా చుట్టూ చేరింది, మార్టిన్ నోటుబుక్కుతో ముందు వరసలో నిలబడ్డాడు, కొత్త హెడ్డు గిన్నె ఎత్తి కళ్లు మూసుకున్నాడు. నెలకోసారి శివపార్వతి వచ్చి భీమవరం పద్ధతి నేర్పుతోంది. కార్పెట్టు మార్చారు.

కాఫీ మాత్రం సుబ్బరాజు ఇప్పటికీ మానలేదు, ఇంట్లో కర్టెన్లు వేసుకుని తాగుతున్నాడు.