గిటారు బిళ్ళను ఎంచు విధంబెట్టిదనిన

గిటారు చేతికొచ్చిన వాళ్ళు దాన్ని వాయించాలనుకోవడం కంటే తొందరపాటు పని లోకంలో ఇంకొకటి లేదు.

కోప్పడకండి, నిదానంగా ఆలోచించండి. గిటారు వాయిస్తే ఏమవుతుంది? వేళ్ళు కాయలు కాస్తాయి. పక్కింటివాళ్ళు తలుపులు వేసుకుంటారు. తప్పు వాయిస్తే నవ్వుతారు, ఒప్పు వాయిస్తే సినిమా పాట వాయించమంటారు. అదే గిటారును గోడకి ఆనించి, దాని తీగల్ని మీటడానికి ఏ బిళ్ళ మంచిదా అని ఎంచుతూ కూర్చున్నారనుకోండి. ఇంట్లో శాంతి, వీధిలో గౌరవం! 'ఆ పిల్ల గిటారు నేర్చుకుంటోంది' అన్న పేరు ఎటూ వస్తుంది.

బిళ్ళంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, మూడు మూలలతో ఉంటుంది. షాపుల్లో పిక్ అంటారు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తీగల్ని మీటుతారు. ఇంతేనా అంటారా? ఆ మాట రేఖ వాళ్ళింట్లో అనండి చూద్దాం.

రేఖది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. పదో తరగతి. బళ్ళో హాజరు పిలిస్తే ఈ పిల్ల చెప్పే 'ప్రెజెంట్' పక్క బెంచీ దాకా కూడా చేరదు, పక్కపిల్ల అందుకుని మాస్టారికి అందించాలి. అలాంటి పిల్లకి మేనమామ త్రినాథ్ ఒక పాత గిటారు తెచ్చిచ్చాడు. అతను గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పని చేస్తాడు, చేపలవేట సెలవులకి ఊరొస్తాడు. ఆ గిటారు తీగ మీద రేఖ ఒక వేలు వేసింది. అది గదంతా వినిపించింది. నోరు తెరవకుండానే ఇంత గట్టిగా మాట్లాడొచ్చని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

దాంతో రెండు కోరికలు పుట్టాయి. ఒకటి, బడి వార్షికోత్సవంలో వాయించాలి. రెండు, ఇంటర్ ఎక్కడో హాస్టల్లో కాకుండా, సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చే కాలేజీలో చదవాలి. హాస్టళ్ళలో గిటార్లు ఉండనివ్వరు కదా. మొదటి కోరిక సైన్సు మాస్టారు హరిబాబు గారికి గొణిగింది, ఆయన ఎలాగో విని పేరు రాసుకున్నారు. రెండోది ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"మరి బిళ్ళున్నాదా?" అని అడిగాడు త్రినాథ్, వెరావల్ నుంచి వీడియో కాల్లో.

ఆ ఒక్క ప్రశ్నతో ఆ ఇంటికి మంచి రోజులు మొదలయ్యాయి.

బోటు ఒడ్డుకి చేరి సిగ్నల్ దొరికిందంటే చాలు, త్రినాథ్ బిళ్ళల వీడియోలు చూసేవాడు. పంజాబీవాడు చెప్పినవీ, ఫారినోడు చెప్పినవీ, నోరే మెదపకుండా ఒకే తీగని అలా కొడుతూ పోయేవాడివీ. "నైలాన్‌దే తీసుకోయే గుంటా. మన వలా నైలానే, తాడూ నైలానే. బిళ్ళొక్కటీ ఇంకో రకం ఎందుకు?" అని తేల్చి, ఒకటి పార్సిల్ పంపాడు. పూర్వం తాబేటి చిప్పతో చేసిన బిళ్ళలు వాడేవారని కూడా ఏదో వీడియోలో విన్నాడట. ఆ ముక్క చెప్పగానే మామ్మ అసిరమ్మ వంటింట్లోంచే కేకేసింది. "తాబేలు జోలికెల్తే ఫారెస్టోలొస్తారు. పాట నేకపోతే పీడాపోయె."

తండ్రి గోవింద్ ఊరుకుంటాడా? బోటులో ఇంజను తప్ప ఇంకే మోతా పట్టనివాడు, చెల్లకుండా పోయిన ఏటీఎం కార్డు బయటికి తీసి, కత్తెర పట్టి, నాలిక పంటికింద పెట్టుకుని బిళ్ళ కత్తిరించాడు. "బేంకోడిచ్చింది. ఇరగదు," అన్నాడు. కూతురితో ఆ నెలలో అతను మాట్లాడిన పెద్ద మాట అదే. బిళ్ళ లేకపోతే ఆ మాట మాత్రం ఎక్కడిది?

ఇక హరిబాబు మాస్టారు. ల్యాబు బీరువాలో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న స్క్రూగేజీని లేపి, రేఖ తెచ్చిన బిళ్ళల మందం కొలిచారు. తన దగ్గరున్నది ఒకటి తీసి రేఖ చేతిలో పెట్టి, "పాయింట్ ఏడు మిల్లీమీటర్లు. అకూస్టిక్ గిటారుకి ఇదే తగినది. తీగలన్నీ కలిపి కొడితే కొంచెం వంగాలి, ఒక్కో తీగా మీటితే నిలబడాలి," అని చెప్పారు. న్యాయంగా చెప్పాలంటే అది సరైన మాటే. కానీ సరైన మాటలకి ఆ ఇంట్లో ఒక గండం ఉంది. ప్రతిదీ అసిరమ్మ బొటనవేలి కింద నుంచి రావాలి.

అసిరమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేపలు అమ్మింది. ఆమె నొక్కి చూడనిదే ఆ ఇంట్లోకి వంకాయ రాదు, చీర రాదు, ఆఖరికి సీలింగ్ ఫ్యాను కూడా రాలేదు. మనవరాలి గిటారు బిళ్ళ మాత్రం ఊరికే వస్తుందా? ఇద్దరూ బస్సెక్కి విజయనగరం వెళ్ళారు.

షాపతను పెట్టె తెరిచి ముందుపెట్టాడు. అసిరమ్మ ఒక్కో బిళ్ళా తీసి నొక్కింది.

"ఏటి బాబూ, నొక్కితే వంగిపోతన్నాది?"

"అది సన్న పిక్ అమ్మా. వంగాలి. నేర్చుకునేవాళ్ళకి అదే మంచిది."

"వంగితే నిన్నటి సరుకు. నాకు సెప్పకు. గట్టివి తియ్యి."

అతను గట్టివి తీశాడు. అసిరమ్మ వాసన చూసింది. ఏ వాసనా లేదని అనుమానపడింది. చివరికి అన్నిటికంటే మందంగా, రాయిలా ఉన్న ఎర్రబిళ్ళ ఒకటి ఏరి వెలుతురులో పెట్టి చూసింది. "ఇదీ. గట్టిగున్నాది, ఎర్రగున్నాది. మొప్పలిలగుంటే కళ్ళు మూసుకుని కొనొచ్చు."

"మామ్మా, ఇది సేప కాదు," అంది రేఖ. షాపతనికి వినపడలేదు. అసిరమ్మకి వినిపించింది.

"తెల్సు. సేపైతే కొసరు కూడా అడుగుదును."

అని, కొసరు కూడా అడిగింది.

ఇంటికొచ్చి ఆ ఎర్రబిళ్ళతో ఒక్కసారి తీగల మీద కొడితే, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు మోగింది. ఎదురింటి మేక తాడు తెంపుకుంది. "సూసేవా, ఎంత తాజా బిళ్ళో," అంది అసిరమ్మ.

అయ్యా, అమ్మా, ఇందులోని మేలు గమనించండి. ఆ ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నది ఎప్పుడు? తుపాను హెచ్చరికలప్పుడు. అలాంటిది ఇప్పుడు ప్రతి సాయంత్రం సభే. నైలానా, బేంకు కార్డా, పాయింట్ ఏడా, ఎర్రదా? అంతా రేఖ గిటారు గురించే. అంతమందిలో ఒక్కరైనా, 'ఏదే, ఓ పాట వాయించు' అన్నారా? అనలేదు. ఎలా అంటారు, బిళ్ళ తేలనిదే?

సభ జోరుమీద ఉన్నప్పుడు రేఖ గిటారు పట్టుకుని పెరట్లోకి జారుకునేది. ఆరేసిన వలల పక్కన కూర్చుని, బిళ్ళ తేలేదాకా ఊరికే ఉండడం ఎందుకని, ఉత్త బొటనవేలితోనే వాయించుకునేది. లోపల వాదన ఎంత పెరిగితే బయట అభ్యాసం అంత సాగింది. ఇదీ బిళ్ళ పుణ్యమే.

వార్షికోత్సవం రానే వచ్చింది. మొదటి వరసలో అసిరమ్మ, గోవింద్. గోవింద్ చేతిలో ఫోను, ఫోనులో త్రినాథ్. స్టేజి పక్కన హరిబాబు మాస్టారు. రేఖ గౌను జేబులో నాలుగు బిళ్ళలు. పేరు పిలిచారు. జేబులో చెయ్యి పెట్టిన రేఖకి అప్పుడు తట్టింది. ఏది తీసినా ముగ్గురికి కోపం.

చెయ్యి ఖాళీగా బయటికి తీసింది. పిడికిలి బిగించి, బొటనవేలు మాత్రం కొంచెం ముందుకి చాచి, మొదలుపెట్టింది.

ఒడ్డున పదిమందీ వరసగా నిలబడి అలివి వల లాగేటప్పుడు పాడుకునే పాట అది. మెల్లగా మొదలై, వల బరువెక్కేకొద్దీ బిగుస్తుంది. గిటారు మీద దాన్ని ఎవరూ విని ఉండరు. వెనక వరసల్లో ఆడవాళ్ళు మాటలాపేశారు. లాగే చోట లాగుతూ, వదిలే చోట వదులుతూ కొందరి భుజాలు కదిలాయి. అసిరమ్మ పెదాలు కూడా కదిలాయి గానీ, ఆ సంగతి ఆమె ఒప్పుకోదు. పాటయ్యాక కొట్టిన చప్పట్లకి రేఖ భయపడి మాస్టారి వెనక దాక్కుంది.

"సూసేరా, నా యెర్రబిళ్ళ," అంది అసిరమ్మ.

"నైలాన్ మోతే వేరు," అంది ఫోను.

"కార్డు ఇరగనేదు," అన్నాడు గోవింద్, కళ్ళు తుడుచుకుంటూ.

మాస్టారైతే బొటనవేలినీ చూపుడువేలినీ పాయింట్ ఏడు మిల్లీమీటర్ల ఎడంలో పట్టుకుని అందరికీ చూపించారు.

రేఖ ఎర్రగా కందిన బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది.

ఈ విజయంతో ఆ ఇంటికి కొండంత ధైర్యం వచ్చింది. పరీక్షలయ్యాక అదే సభ మళ్ళీ కూడింది. "గోరంత బిళ్ళనే ఇంత బాగా ఎంచినోలం, కాలేజీ ఎంచలేమేటి?" అన్నాడు త్రినాథ్ ఫోనులోంచి. ఒక్క పూటలో తేలిపోయింది. విశాఖపట్నంలో హాస్టల్ కాలేజీ, ఎంపీసీ. అసిరమ్మ ఆ కాలేజీ పుస్తకం అట్ట నొక్కి చూసి, గట్టిగా ఉందని ఒప్పుకుంది.

రేఖని అడిగారా అంటారు మీరు. ఎంత మాట! ఆడపిల్ల ఇష్టం కనుక్కోని ఇల్లా అది?

"కాలేజీ ఫారం మీద సంతకానికి ఏ పెన్ను కావాలే?" అని అడిగాడు గోవింద్. "నీలందా, నల్లదా? నీ ఇష్టం."

రేఖ రెండు పెన్నులూ అందుకుంది. బొటనవేలితో నొక్కింది. వాసన చూసింది. తర్వాత గది మొత్తానికీ, వెరావల్‌కి కూడా వినపడేలా నోరు తెరిచింది.

"ముక్కు మందమెంతో సూడాలి నాన్నా. మాస్టారి కాడ స్క్రూగేజీ ఉన్నాది. మావని వీడియోలు సూడమను. మామ్మ నొక్కి సెప్పాలి. బిళ్ళకే అంత టైం పట్టింది, పెన్ను బేగి ఎంచేస్తే ఎలాగ?"

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నిజమే కదా.

హాస్టల్ కాలేజీలో సీట్లు ఈ నెలాఖరుకి నిండిపోతాయట. ఆ ఇంట్లో ఇప్పుడు రోజూ సాయంత్రం పెన్నుల మీద వాదన జోరుగా నడుస్తోంది. నీలం సిరా వెలిసిపోతుందని ఒకరు, నల్లది శుభం కాదని ఒకరు. ఇంకా తేలలేదు.

పెరట్లో వలల పక్కన మాత్రం ఎవరో గిటారు వాయిస్తున్నారు. బిళ్ళ లేకుండానే.