సృజనకు సర్క్యులర్

"జూన్ నెలాఖరుకల్లా స్వాహిలి టీచర్ ట్రైనీలందరూ సృజనాత్మకంగా మారిపోవాలి. మారనివాళ్లపై కఠిన చర్యలుంటాయి!" అని మా ఊరి ట్రైనింగ్ కాలేజీ మైదానంలో భాషాభివృద్ధి మంత్రి మ్వకలింగాగారు ప్రకటించారు. ఎంత దూరదృష్టి! ఫంక్షన్లలో ఫొటోలు తీసి బతికే నాకే ఒళ్లు పులకరించింది.

వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. సృజనంటే ఎవరికి తోచింది వాళ్లు చేయడం కాదట, దానికో పద్ధతుందట. టీచరు సంచిలో మామిడిపండు దాచి తెచ్చి "ఇందులో ఏముంది?" అనాలి. పిల్లలు ఆశ్చర్యపోవాలి. ట్రైనీలంతా పక్కనున్న ప్రైమరీ స్కూలు మీద పడ్డారు. కొన్నాళ్లకే పిల్లలు సంచి కనబడగానే "మామిడిపండూ!" అని అరిచి, కోసి పెట్టమని చేతులు చాపడం మొదలెట్టారు.

తుంపాలే అనే ట్రైనీకి ఈ పాఠమే ఆఖరి పరీక్ష. పాసైతే ఉద్యోగం, తప్పితే అమ్మ పక్కన కూర్చుని మార్కెట్లో అరటికాయలమ్మడం. ఆమె సంచి విప్పింది. కోడి ఎగిరి బయటపడింది.

"బల్ల కింద దూరింది టీచర్!"

"కాదు, కిటికీ ఎక్కింది!"

"నువ్వే తరిమావురా వెధవా!"

ఇంట్లో స్వాహిలి ముక్క వినని పిల్లలు కూడా స్వాహిలిలో పోట్లాడుకున్నారు.

పరీక్షాధికారి చెంగులాగారు కళ్లజోడు సర్దుకున్నారు. "మామిడిపండేదమ్మా? సర్క్యులర్లో కోడి లేదు. సృజనకు సున్నా."

"పిల్లలు అంత బాగా మాట్లాడారు కద సార్!"

"అదీ రాశాను. క్లాసులో గోల."

తుంపాలే అర్జీ పెట్టుకుంది. అది చదివి మంత్రిగారు పడీపడీ నవ్వారట. వెంటనే కొత్త సర్క్యులర్: మామిడిపండు రద్దు, ఇకపై కోడి. తుంపాలేకి మళ్లీ పరీక్ష, ముఖ్య అతిథి మంత్రిగారే! వాళ్లమ్మ కొత్త బట్టలు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. "ఇవాళ్టితో నా కూతురు టీచరమ్మ బాబూ" అంది నాతో.

పాఠం అదిరింది. మంత్రిగారే చప్పట్లు కొట్టారు. చెంగులాగారు లేచి "సృజన, సున్నా" అని చదివారు.

"కోడినే తెచ్చాను కద సార్!"

"అందుకేనమ్మా. కోడి మంత్రిగారి సొంత ఆలోచన అని సర్క్యులర్లోనే ఉంది. నువ్వు కాపీ కొట్టావు."

"మిగతావాళ్లూ కోడినే తెచ్చారుగా!"

"వాళ్లు మంత్రిగారిని అనుసరించారు. నువ్వేమో ఆ ఆలోచన నాదంటూ అర్జీ పెట్టావు."

మంత్రిగారిది మెత్తని మనసు. "బాధపడకు తల్లీ. సొంతంగా ఆలోచించడం అలవాటు చేసుకో" అని తల నిమిరారు.

కోడిని సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు. మధ్యాహ్నం విందులో పలావు బ్రహ్మాండంగా కుదిరింది. మంత్రిగారికి తొడముక్క పడింది, నాకూ ఓ ముక్క దొరికింది. బయట తుంపాలే వాళ్లమ్మ, కోడిని తిరిగిస్తారని, ఖాళీ సంచి పట్టుకుని ఇంకా నిలబడే ఉంది.